బావగారిని గద్దించిన రోజు

హెర్న్‌డన్‌లో నేను పనిచేసే గ్యాస్ స్టేషన్‌ని, అంటే పెట్రోల్ బంకుని, తెల్లవారకముందే ఒక్కదాన్నే తెరవాలి. పక్క వీధి స్టేషన్‌లో దోపిడీ జరిగాక పిస్టల్ కొనుక్కున్నాను. అప్పటికే ఈ దేశ పౌరసత్వం వచ్చింది. శిక్షణ తీసుకుని, దాన్ని వెంట ఉంచుకోవడానికి కోర్టు నుంచి పర్మిట్ కూడా తెచ్చుకున్నాను.

ఇంటర్‌తో చదువాపేసినదాన్ని. కానీ మా లైబ్రరీలో చట్టాల పుస్తకాల అర మొత్తం చదివానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పోలీసులు కారాపితే, వాళ్లు అడిగేదాకా తుపాకి సంగతి చెప్పనక్కర్లేదంటుంది మా రాష్ట్ర చట్టం. అయినా ముందే చెప్పడం మేలని, చేతులు స్టీరింగ్ మీదే ఉండాలని, ‘తుపాకి’ అన్న మాటతో మొదలుపెట్టకూడదని కూడా చదివాను. పక్క సీట్లో బావగారుంటే ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆయన మా ఆయనకి అన్నగారు. గుంటూరులో లారీలు తిప్పిన మనిషి, మమ్మల్ని చూడడానికి వచ్చారు. పెళ్లైనప్పటి నుంచి ఆయన ఎదుట గొంతు పెంచి ఎరగను. పిస్టల్ సంగతి ఆయనకి తెలియనివ్వొద్దని మా ఆయన మరీ మరీ చెప్పాడు.

ఆ శనివారం మధ్యాహ్నం కూరగాయలకి వెళ్తుంటే వెనక పోలీసు లైట్లు వెలిగాయి. పక్కకి ఆపి, అద్దాలు దించాను. బావగారు అప్పుడే సీట్ బెల్ట్ తీసేస్తున్నారు.

“దిగమ్మా.”

“ఇక్కడ దిగకూడదు బావగారూ. ప్లీజ్, బెల్ట్ పెట్టుకోండి.”

“కూర్చునుంటే పొగరనుకుంటారు. నేను మాట్లాడతాగా. ఎస్సైలు మనకి కొత్తా?”

ఇంతలో నడివయసు ఆఫీసర్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. బ్రేక్ లైటు వెలగడం లేదన్నాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి చెప్పాను: “ఆఫీసర్, నాకు పర్మిట్ ఉంది. తుపాకి నా నడుముకి కుడివైపున ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. నన్నేం చేయమంటారు?”

అంతా ఇంగ్లీషులోనే చెప్పినా, ‘గన్’ అన్న మాట బావగారికి అర్థమైంది. ఆయన ఒక చెయ్యి తలుపు మీదికి పోయింది, రెండోది జాకెట్ లోపలికి. పాస్‌పోర్టు కోసమని నాకు తెలుసు. ఆఫీసర్‌కి తెలియదు. అతను ఒక్కడుగు వెనక్కి వేశాడు. అతని చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. “సర్, చేతులు!” అని గట్టిగా అన్నాడు. ఆ యాస బావగారికి అందలేదు.

“బావగారూ! కదలొద్దు! చెయ్యి బయటికి తీసి రెండు చేతులూ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టండి!”

బడి పిల్లాణ్ణి గద్దించినట్టు గద్దించాను. ఆయన మొహం ఎర్రబడింది. కానీ చేతులు డ్యాష్‌బోర్డ్ మీదికి వచ్చాయి. జేబులో ఉన్నది పాస్‌పోర్టని, ఆయన ఇండియా నుంచి వచ్చిన చుట్టమని ఆఫీసర్‌కి వివరించాను.

అతను ఊపిరి వదిలాడు. “సరే మేడమ్. మీది మీరు ముట్టుకోకండి, నాది నేను ముట్టుకోను,” అని నవ్వాడు. లైసెన్సూ పర్మిటూ చూసి, బల్బు మార్చుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

బావగారి చేతులు ఇంకా డ్యాష్‌బోర్డ్ మీదే ఉన్నాయి.

“తియ్యొచ్చా?”

“తియ్యండి. క్షమించండి, మీ మీద అరిచాను.”

“అరవకపోతే నా గతేంటి?” అన్నారు. “ఆ తుపాకి నీకెందుకమ్మా?” అని అడిగారు.

మా ఆయన మాట పక్కనపెట్టి అంతా చెప్పేశాను. చీకట్లో తాళం తీసేటప్పుడు వెనక ఎవరో ఉన్నట్టనిపించడం, ఆ భయం ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోవడం. ఆయన తప్పనలేదు, ఒప్పనీ అనలేదు.

“వాడికి నేను చెప్తాలే, నాకు తెలిసిపోయిందని. రేపట్నుంచి నువ్వు స్టేషన్ తీసేటప్పుడు నేనూ వస్తా.”

“తుపాకి ఉందిగా బావగారూ.”

“ఉండనీ. అది మాట్లాడదుగా.”

మర్నాడు నేను లేచేసరికి బూట్లు తొడుక్కుని సోఫాలో కూర్చుని ఉన్నారు.