నొప్పి తెలిసినంతసేపు

ఎనభైల్లో ఒక ఉదయం అమలాపురంలో రావులపాలెం బస్సెక్కాను. పక్కసీటాయన ఒళ్ళో కుక్కపిల్ల ఉంది. ఉండుండి దాని వెనక కాలి వేలు గట్టిగా నొక్కేవారు. అది కుయ్యిమనేది. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకండీ దాన్నలా బాధపెడతారు?" అన్నాను.

"పాపమేనండి. నిన్న వెనక కాళ్ళు పడిపోయేయండి. వెన్నులో ఎముక నరాన్ని నొక్కేస్తోందన్నారు డాక్టరు గారు. హైదరాబాదులో ఆపరేషన్ చేస్తారంట. కాలు నొక్కితే నొప్పి తెలిసినంతసేపే కోసి లాభమంటండి. అది పోతే ఇంక లేవదన్నారు."

ఆ తర్వాత అది కుయ్యిమన్నప్పుడల్లా నాకూ ఊపిరి వచ్చేది.

కొత్తపేట దాటాక ఆయన నొక్కితే చప్పుడు రాలేదు. మళ్ళీ నొక్కారు. దాని కాలు నా వైపు జరిపారు.

"నా చెయ్యి మెత్తబడిందేమోనండి. మీరోసారి నొక్కండి."

గోరు దిగేలా నొక్కాను. కుక్కపిల్ల కిటికీలోంచి అరటి తోటల్నే చూస్తోంది.

"కాలు లాక్కుందండీ," అన్నాను.

"ఆయ్," అని ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకున్నారు. రావులపాలెం వచ్చేదాకా మళ్ళీ నొక్కలేదు.