సాక్ష్యం చెప్పాక దూరమైన నిద్ర

బాణసంచా ఫ్యాక్టరీలో మా షెడ్డు పేలి పదకొండు రోజులైంది. ఆ ఉదయం పొయ్యి మీద అన్నం మాడుతోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. మాడు వాసన తెలుస్తూనే ఉంది, గిన్నె దించాలని మాత్రం తోచలేదు. అప్పటికి పదకొండు రోజులుగా నాకు కునుకు లేదు.

మాది తమిళనాడులో ఏళాయిరంపన్నై దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అన్న భార్య సీతాలక్ష్మి, నేను ఒకే ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళం. షెడ్డుకు నలుగురే కూర్చోవాలి, ఎవరి షెడ్డులో వాళ్ళే ఉండాలి. ఆ రోజు వదిన షెడ్డు రేకులు కాగిపోతుంటే, వేపచెట్టు నీడలో ఉన్న మా షెడ్డుకు నేనే పిలిచాను. "వదినా, నా జాగాలో కూచో. నేను పోయి నీళ్ళు తెస్తా" అన్నాను. బిందె నిండకముందే షెడ్డు పేలింది. లోపలున్న నలుగురూ పోయారు. విచారణకు వచ్చినవాళ్ళు అడిగితే, "ఆమే వచ్చింది, నాకు తెలియదు" అన్నాను. భయంతో నోటికి అదే వచ్చింది.

కోవిల్‌పట్టిలో డాక్టరమ్మ ఏం జరిగిందని అడిగితే పేలుడు సంగతే చెప్పాను. ఆమె బీపీ చూసింది. థైరాయిడ్, ఈసీజీ తీయించింది. "అన్నీ నార్మల్. ఇది షాక్ వల్ల వచ్చిన ఇన్సోమ్నియా. మాత్రలు వేసుకో, నీ అంతట నువ్వు ఆపొద్దు" అంది. మాత్ర వేసుకుంటే రెండు మూడు గంటలు మత్తుగా పడి ఉండేదాన్ని.

మా ఇంట్లో చర్చికి పోయేది నేనొక్కదాన్నే. ఒక ఆదివారం సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. "ప్రభువు నన్ను తప్పించాడు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ రోజు నుంచి మాత్రకు కూడా నిద్ర రాలేదు. నన్ను తప్పించి వదినను అక్కడ కూర్చోబెట్టింది ప్రభువా? కూర్చోబెట్టింది నేను. నా తప్పు దేవుడి మీద వేసి, దానికి స్తోత్రం చెప్పించుకున్నాను.

అలా ఏడాది గడిచాక ప్రార్థనకు వచ్చే ఒకామె, మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం అంది. ఆపేశాను. నాలుగో రోజు చేతులు వణికి బస్టాండులో పడిపోయాను. నా బుద్ధి గడ్డి తినింది, ఇంకేం చెప్పను!

ఇంట్లోవాళ్ళు విరుదునగర్‌లో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, "కళ్ళు మూస్తే ఏం కనిపిస్తుందమ్మా?" అని అడిగాడు. బిందె అన్నాను. ఇంకా అన్నాడు. మొత్తం చెప్పేశాను. ఆయన "డోస్ నేను చూసుకుంటాను. మిగతాది మాత్రతో పోదు" అన్నాడు.

పాస్టర్ అయ్యకూ చెప్పాను. ఆయన నా కోసం ప్రార్థన చేసి, "మీ అన్నకు చెప్పావా?" అన్నాడు. అన్నాళ్ళూ మా అన్న చచ్చిపోయిన భార్యను తిడుతూనే ఉన్నాడు. "దాని షెడ్డు విడిచి ఏల పోయె? బిడ్డను తల్లి లేనిదాన్ని చేసె" అనేవాడు. నేను ఆయనకు కాఫీ ఇస్తూ ఆ మాటలు వినేదాన్ని.

ఆదివారం ఆరాధన కాగానే వాళ్ళింటికి పోయాను.

"అన్నా, వదిన తానుగా రాలేదు. నేనే పిలిస్తిని. నా జాగాలో కూచోమంటిని."

అన్న "ఇన్నాళ్ళు దాన్ని తిడితిని కదే" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. గోడ మీది వదిన ఫోటో తీసి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు పో" అన్నాడు.

ఇంటికొచ్చి చాప మీద వాలాను. లేచేసరికి దీపాలు పెట్టారు. ఒక్క కల రాలేదు. ప్రభువా అని ఏడ్చాను. తరువాతి ఆదివారం నేనే మైకు అడిగి తీసుకుని, నిజం చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

ఇప్పుడు ప్రార్థన చేసుకుని పడుకుంటే అయిదారు గంటలు నిద్ర పడుతోంది. డోస్ సగానికి తగ్గింది. అన్న మా గడప తొక్కడు. నాలాంటివాళ్ళకు ఒక మాట చెబుతాను. డాక్టరు ఏం జరిగిందని అడిగితే మొదటి రోజే అంతా చెప్పండి. నేను పద్నాలుగు నెలలు దాచాను. పోయిన వారం మేనకోడలు వచ్చి, "అత్తా, నాయన నిద్రపోతా లేడు" అంది. ఆ విరుదునగర్ డాక్టరు అడ్రసు చీటీ మీద రాసి దాని చేతికిచ్చి పంపాను.