ఊరి తరఫున హనుమక్క

రొద్దం నుంచి వచ్చే బస్సు ఆగేది సరిగ్గా హనుమక్క ఇంటి ముందే. అందుకే సర్వేకని ఎవరు వచ్చినా మొదట ఎక్కేది ఆమె అరుగే. ఎండన పడి వచ్చారని మజ్జిగ ఇచ్చేది, చాప వేసేది, అడిగినవాటికి తీరిగ్గా జవాబు చెప్పేది. కోడలిగా వచ్చిన కొత్తలో మొగుడి ముందు కూడా నోరు విప్పని మనిషి, ఆ అరుగు మీదే మాట నేర్చింది.

"మా ఊర్లో నీళ్ళకు కరువు లేదు సార్" అని ఊరందరి తరఫునా చెప్పేది. బయటివాళ్ళ ముందు ఊరి గుట్టు విప్పడం ఆమెకు చేతకాదు. "ఏమక్కా, ఈ పొద్దు ఎవరికి పాఠం చెప్పినావు?" అని వీధిలోవాళ్ళు ఎగతాళి చేస్తే లోలోపల మురిసిపోయేది.

ఈ వేసవిలో హిందూపురం నుంచి సుచిత్ర అనే అమ్మాయి నీళ్ళ గురించి అడగడానికి వచ్చింది. మజ్జిగ తాగింది గానీ చాప మీద కూర్చోలేదు.

"ఎల్లమ్మ ఇల్లు యాడక్కా?"

"ఊరి చివర్న ఉండాది. ఆడికి పోయి ఏం చేస్తావు? నన్నడుగు, చెప్తా."

"మీ ఇల్లు చీటీలో రాలేదక్కా. ఊర్లో ఇండ్లన్నీ చీట్లు రాసి, కలిపి తీసినాము. ఎవరిది వస్తే వాళ్ళనే అడగల్ల."

హనుమక్క ముఖం చిన్నబోయింది. ఇన్నేండ్లలో ఆమెను దాటి పోయినవాళ్ళు లేరు.

"అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా పాపా?"

"సంగటిని పైపైన చూసి చెప్తావా అక్కా? అడుగున పిండి ఉండలు కట్టుంటే?"

సరిగ్గా గెలకని సంగటి సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? దారి చూపిద్దామని చెప్పులేసుకుంది.

ఎల్లమ్మ గొర్రెల దొడ్డి పక్క ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. "నీళ్ళెట్లా వస్తాండాయి అవ్వా?" అని సుచిత్ర అడగగానే ఆమె హనుమక్క వైపు చూసింది.

"బాగా వస్తాండాయి" అంది హనుమక్క.

"ఆ, బాగా వస్తాండాయి" అంది ఎల్లమ్మ.

సుచిత్ర అది రాసుకోలేదు. "కోపం చేసుకోవద్దక్కా. కొంచేపు బయట కూర్చో. పక్కన ఇంకొకరుంటే నేను అడగకూడదు."

హనుమక్క బయటికొచ్చి దొడ్డి దగ్గర బండ మీద కూర్చుంది. లోపలి మాటలు తెలియడం లేదు గానీ ఎల్లమ్మ గొంతు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది. ఆ గొంతు అంతసేపు వినడం హనుమక్కకు అదే మొదలు. ఎదురుగా ఎల్లమ్మ కుళాయి. దాని మూతిలో సాలీడు గూడు కట్టుకుని ఉంది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగింది. "ఏం చెప్పింది?"

"చెప్పకూడదక్కా. నీకు చెప్తానని తెలిస్తే, ఆ అవ్వ ఇంక నాకేమీ చెప్పదు."

బస్సు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా హనుమక్క కళ్ళ ముందు సాలీడు గూడే మెదిలింది. అరుగెక్కిన ప్రతివాళ్ళకూ ఆ కుళాయి గురించి కూడా తనే చెప్పింది, ఒక్కసారీ పోయి చూడకుండానే.

తెల్లవారి మళ్ళీ ఎల్లమ్మ ఇంటికి పోయింది.

"నీళ్ళు వస్తాండాయా ఎల్లమ్మక్కా?"

అలవాటు కొద్దీ ఎల్లమ్మ ఆమె ముఖంలోకి చూసింది, జవాబు అక్కడ దొరుకుతుందన్నట్టు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగి, హనుమక్క గొర్రెల వైపు తిరిగి, ఎల్లమ్మ జవాబు కోసం కాచుకుని ఉంది.