పొగ పోయిన ఇల్లు

మా ఇంట్లో సర్కారు పొయ్యి వెలిగించిన మొదటి రోజు, తెల్లారి కాసేపటికే ఆరేడుగురు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను మట్టి చేతులతోనే బయటికి వచ్చి ఏమైందని అడిగాను. పక్కింటి చిన్నమ్మ నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "అక్క ఎప్పుడు పోయింది బిడ్డా?" అంది.

నన్ను కన్న అవ్వ లోపల అంబలి కాస్తోంది.

చిన్నమ్మ తప్పేమీ లేదు. మా ఖానాపూర్ వైపు పల్లెల్లో గూనపెంకుల ఇళ్లకు పొగ పోయే దారి వేరే ఉండదు. పొయ్యి మండుతున్నంతసేపూ పెంకుల సందుల్లోంచి కప్పంతా పొగలు కక్కుతుంది. పొద్దున ఏ కప్పు మీద పొగ లేదో ఆ ఇంట్లో పొయ్యి ముట్టించలేదని లెక్క. పొయ్యి ముట్టించలేదంటే లోపల శవం ఉందని లెక్క. నేను కట్టిన పొయ్యి పొగ గొట్టంలోంచి వెనక దొడ్డివైపు పోతోంది. వాకిట్లోంచి చూసేవాళ్లకు మాది చావు ఇల్లే. అవ్వ గరిటె పట్టుకుని గడపలోకి రాగానే చిన్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అందరం నవ్వుకున్నాం.

అవి ఎనభైల నాటి సంగతులు. అడవి తరగకూడదని, ఆడవాళ్ల కళ్లు పోకూడదని పొగలేని పొయ్యిలకు సర్కారు గ్రాంటు ఇచ్చేది. సిమెంటు గొట్టం సర్కారుది. మట్టి, పేడ, చాకిరీ ఇంటివాళ్లవి. పదో తరగతి పాసై ఖాళీగా ఉన్న నాలాంటి వాళ్లకు నాలుగు రోజులు పని నేర్పి ఊళ్ల మీదికి వదిలారు. కట్టిన ప్రతి పొయ్యి వెనకా గోడ మీద ఎర్ర రంగుతో నంబరు వేయాలి. ఒకటో నంబరు నేను మా ఇంట్లోనే వేశాను.

అవ్వ కోసం వేశాను. ఆమెకు దమ్ము. పొయ్యి ముందు పావుగంట కూర్చుంటే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకుంటే ఊపిరాడదు. బాపు బతికున్న రోజుల నుంచీ గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద తల పెట్టుకునే నిద్రపోయేది. పొగలో ఉంటే ఈమె ఎక్కువ రోజులు ఉండదని నిర్మల్‌లోని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. బాపు పోయాక నాకున్నది ఆమె ఒక్కతే. ఆమె కూడా పోతుందేమోనన్న భయంతోనే నేను ఆ పని నేర్చుకున్నాను.

పొయ్యి కట్టిన నెలకు, ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అవ్వ వెల్లకిలా పడుకుని ఉంది. నేను బుద్ధెరిగాక ఆమెను అట్లా చూడలేదు. దగ్గు లేదు, పిల్లికూత లేదు. పక్కన కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. నా గర్వం అప్పుడు చూడాలి! ఊళ్లో ఎవరు కనబడినా పొయ్యి గురించే చెప్పేదాన్ని.

ఇంట్లో దగ్గు ఆగాకే ఆ చప్పుడు వినబడింది. కిర్... కిర్... కాసేపు ఆగి మళ్లీ కిర్... పై నుంచి, బాపు అడవిలో కొట్టి తెచ్చి కప్పుకు వేసిన వెదురుబొంగుల్లోంచి వచ్చేది. ఎవరో తాపీగా నములుతున్నట్టు ఉండేది. నేను కదిలితే ఆగేది, నిలబడితే మొదలయ్యేది. ఎలుకలేమో అంది అవ్వ. చిన్నమ్మ ఒకసారి విని మొహం మాడ్చుకుంది.

"మీ బాపు నిద్రల పండ్లు కొరుకుడు గిట్లనే ఉండె బిడ్డా. పెత్రమాసకు ఆయన పేరు మీద బియ్యమిచ్చిన్రా లేదా?" అంది.

"ఇచ్చినం. నువ్వు గట్ల మాట్లాడి అవ్వను బెదిరియ్యకు," అని కసిరాను. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. చదువుకున్నదాన్నన్న పొగరు కూడా ఉండేది. కానీ ఆ రోజు నుంచి బాపు మంచం ఉండే మూలకు నేను వెళ్లలేదు.

మరుసటి ఏడు నన్ను జైనూర్ గుట్టల వైపు పంపారు. అంతకుముందు నేను కట్టిన పొయ్యిలు వాడుతున్నారో లేదో చూసి రాసుకురావాలి. అక్కడి ఆడవాళ్లు నన్ను పొయ్యిలావిడ అన్నట్టుగా పొయ్యి బాయి అనేవాళ్లు. చాలామంది గొట్టాలు పీకేశారని విన్నాను. వెళ్లి నాలుగు చీవాట్లు పెట్టాలనే వెళ్లాను. ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అందరూ పత్తి చేన్లలో ఉన్నారు. కుక్క కూడా మొరగలేదు. తలుపులకు తాళాలు ఉండవు, తాడు ముడి ఒక్కటే.

మొదటి ఇంట్లోకి వెళ్లాను. పొయ్యి బాగుంది, గొట్టం బాగుంది. నా ఎర్ర నంబరు మీద పసుప్పచ్చటి పిండి సన్నగా పరుచుకుని ఉంది. వేలితో తుడుస్తుంటే పై నుంచి వినబడింది. కిర్... కిర్...

మా ఇంట్లోది ఇక్కడికి ఎట్లా వచ్చింది? రెండో ఇంట్లోకి వెళ్లాను. అదే చప్పుడు. మూడో ఇల్లు నేను గొట్టం పెట్టని ఇల్లు. కప్పు నల్లగా మసిబారి నిగనిగలాడుతోంది. అక్కడ ఏ చప్పుడూ లేదు. నాలుగో ఇంట్లో నా నంబరు ఉంది, మళ్లీ అదే. మనుషులు లేని ఇళ్లల్లో నా నంబరు ఉన్నచోటల్లా ఏదో నములుతోంది. నేను బయటికి పరుగెత్తాను.

చూరు కింద ఒక ముసలమ్మ జొన్న కంకుల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక కంకిని నా ముందు అరచేతిలో నలిపింది. గింజ మిగల్లేదు, అంతా పిండే.

"ఎప్పుడు పొయ్యి మీదనే కడ్తుంటిమి బాయీ. పొగ తాకితె పురుగు రాకపోవు. నువ్వు పొగను తీస్కపోయినవ్. ఇత్తునం పాయె, బొంగులు పుచ్చిపాయె. ఇంటికి కావలి పొగనే ఉండె," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి అనేదాన్ని.

మర్నాడు ఇంటికి వచ్చి నిచ్చెన వేసి కప్పు బొంగును నొక్కాను. బొటనవేలు సగం దాకా లోపలికి దిగింది. పిండి నా కళ్లల్లో పడింది. పక్క బొంగూ అంతే, దాని పక్కదీ అంతే. కిందికి చూశాను. అవ్వ నిలబడి ఉంది, చేతిలో చీపురు ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఏడాదిగా అంత పిండి రాలుతుంటే మా నేల మీద ఒక్కరోజు కూడా కనబడలేదు.

"అవ్వా, గొట్టం పీకేస్త. పొగ వడితె మిగిలినయన్న ఆగుతయ్."

"ముట్టకు."

"ఇల్లు కూలుతది!"

"నాకెర్కలేదా? నువ్వు గొట్టం వెట్టిన్నాడే ఎరికె. పొగ లేకుంటె బొంగు నిలుస్తదా?"

"మరెందుకు చెప్పలే?"

"చెప్తె పీకేస్తువు," అంది అవ్వ. చీపురు గోడకు ఆనించి, తాను పడుకునే చోటే కూర్చుంది. "నువ్వు పుట్టకముందుకెంచి కూసోనే పన్న బిడ్డా. గిప్పుడు నడుం వాలుస్తున్న. అది ఇంటిని తింటున్నది, నన్ను తింటలేదు. తిననియ్."

రోజూ ఆ చప్పుడు కింద పడుకుని, అదేమిటో తెలిసి, నేను వచ్చేలోపు పిండి ఊడ్చేసిందన్నమాట. నాకు భయమేసింది. అవ్వ మీద కోపమొచ్చింది. ఆమెకు నేనేదో నేర్పానని ఇన్నాళ్లూ ఊరంతా చాటుకున్నందుకు సిగ్గుగా ఉంది. బుడ్డిదీపంలో పోసే గ్యాసునూనె పూశాను, వేపనూనె పూశాను. చప్పుడు రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది. కొత్త బొంగులు వేయడానికి బాపు లేడు, అడవి జవాన్లు వెదురు కొట్టనివ్వడం లేదు. గొట్టం మాత్రం నేను ముట్టుకోలేదు.

ఆ వానకాలంలో ఒక పొద్దున, ముసురు పట్టి ఉండగా, వంటింటి కప్పు కూలింది. నేను నీళ్ల కోసం బావి దగ్గర ఉన్నాను. ఆ చప్పుడు ఎట్లాంటిదో ఇప్పుడూ చెప్పలేను. పరుగెత్తుకొచ్చేసరికి చిన్నమ్మ గుండెలు బాదుకుంటోంది. అవ్వ బర్రెకు కుడితి పెట్టడానికి బయటికి వచ్చిందట, అందుకే బతికింది. వానలో తడుస్తూ పెంకుల కుప్ప ముందు నిలబడి ఉంది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె నా చేతులు విడిపించుకుంది.

"గొట్టం పలిగిందా సూడు బిడ్డా," అంది.

పలగలేదు. వెనక గోడకు ఆనుకుని నిటారుగా ఉంది. కుప్ప కింద ఎక్కడో పొయ్యి ఇంకా మండుతున్నట్టుంది, గొట్టం పైనుంచి సన్నగా పొగ వస్తోంది.