ఒర్వియేటో కొండ మీద ఒక్క చుట్టు

మా అత్తయ్యగారు కోరుకొండ ఎక్కి ఆరేళ్లయింది. మోకాళ్లు సహకరించక, కిందే నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తున్నారు. ఇటలీ టూరు కాగితాల్లో ఒర్వియేటో అనే ఊళ్లో కొండ మీద పెద్ద చర్చి ఉందనీ, పైదాకా రైలు పెట్టె తీసుకెళ్తుందనీ నేను చదివి వినిపించగానే, "అయితే నేనూ వస్తా" అన్నారు. మా వారికి సెలవు దొరకలేదు. రాజమండ్రి స్టేషన్లో నాకు ఒకే ఒక్క మాట చెప్పారు, అమ్మని ఒంటరిగా వదలొద్దని. ఆ మాత్రం చూసుకోలేనా అనుకున్నాను.

రోమ్ వచ్చిన నాలుగో రోజు ఉదయం ఎనిమిది దాటాక రైలెక్కాం. పద్నాలుగు మందిమి, అందరం గోదావరి జిల్లాల వాళ్లమే. మమ్మల్ని తిప్పుతున్న ప్రసాద్‌గారు ప్రతి స్టేషన్లోనూ తలలు లెక్కపెట్టేవారు. ఎదురు సీట్లో భీమవరం రొయ్యల రైతు రాజుగారు. కిటికీలోంచి పొలాలు చూసి, "ఇంత భూమి ఉంచుకుని ఒక్క చెరువైనా తవ్వలేదేంటండీ వీళ్లు?" అని తెగ బాధపడిపోయారు.

తొమ్మిదిన్నర దాటాక ఒర్వియేటోలో దిగాం. స్టేషన్ ఎదురుగానే కొండ మీదికి వాలుగా లాగే రైలు పెట్టె ఉంది. ఎక్కి కూర్చున్న కాసేపటికే పైన ఉన్నాం. అత్తయ్యగారు వెనక్కి తిరిగి లోయ చూసి, "మన కోరుకొండకీ ఇలాంటిదొకటి పెట్టకూడదూ" అన్నారు. అక్కణ్ణించి చిన్న బస్సు. దిగేసరికి ఎదురుగా చర్చి. ముఖమంతా బంగారు రంగు బొమ్మలు, పక్క గోడలు మాత్రం జంపఖానాలా నలుపూ తెలుపూ చారలు. టికెట్ ఐదు యూరోలు. ప్రసాద్‌గారు క్యూలో నిలబడ్డారు.

"ప్రదక్షిణం చెయ్యకుండా లోపలికి ఎలా వెళ్తామమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

"ఒక్క ఫోటో తీసుకుని వస్తానండీ, ఇద్దరం వెళ్దాం" అన్నాను. ఆ ఒక్క ఫోటో నాలుగుసార్లు తీశాను. తిరిగి చూస్తే ఆవిడ లేరు.

పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఆవిడ ఫోను నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, పోతుందేమోనని నేనే తీసి పెట్టుకున్నాను. పాస్‌పోర్టూ నా దగ్గరే. ఆవిడ దగ్గర ఉన్నదల్లా పూతరేకుల సంచి. మా వారికి ఏ ముఖంతో ఫోన్ చెయ్యను? రాజుగారు ఎడమ పక్కగా వెతకడానికి వెళ్లి, రొప్పుతూ వచ్చారు. "వెనకాలన్నీ సందులేనండీ. ఎందులోకి వెళ్లారో తెలీట్లేదు" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. ప్రదక్షిణంలో దేవుడు ఎప్పుడూ కుడి చేతి వైపే ఉండాలి. ఎన్ని సందులు అడ్డొచ్చినా మా అత్తయ్యగారు ఎడమకి తిరిగే మనిషి కాదు. దూరమైనా, ఆలస్యమైనా కుడికి తిరుగుతూ చర్చి కుడి పక్కనుంచే రావాలి. అందుకే నేను కుడి పక్క నుంచి బయలుదేరి, కనిపించిన ప్రతి మలుపులోనూ ఎడమకి తిరిగాను.

మూడో సందులో ఒక ఇంటి గుమ్మం ముందు ఉన్నారు. పక్కన ఆవిడ వయసే ఉన్న ఇటలీ పెద్దావిడ, చేతిలో పూతరేకు. పైన చుట్టింది కాగితం అనుకుని ఆవిడ రేకు ఒలుస్తోంది. మా అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు. "కాగితం కాదమ్మా, తినెయ్యి" అని తెలుగులోనే చెబుతున్నారు.

నన్ను చూసి ముఖం చిట్లించారు. "అదేంటమ్మా, అప్రదక్షిణంగా వస్తున్నావు?"

నేను ఆ గుమ్మం మీదే కూలబడి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి కొంగుతో నా ముఖం తుడిచారు. "లే, చుట్టు ఇంకా పూర్తి కాలేదు" అన్నారు. చెయ్యి పట్టుకుని మిగతా దూరం ఆవిడతో నడిచాను, ఈసారి కుడికే తిరుగుతూ.

పదకొండున్నరకి లోపలికి వెళ్లాం. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అత్తయ్యగారు స్తంభం పక్కన చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. "ఆరేళ్లకి కొండ మీద నిలబడి దణ్ణం పెట్టుకున్నానే" అన్నారు. నాకు మళ్లీ కళ్లు చెమర్చాయి.

పిజ్జా తిని, ఒంటిగంటా నలభై రైలు అందుకున్నాం. రైలు కదలగానే మా వారి వీడియో కాల్. జరిగింది ఎలా చెప్పాలో తేల్చుకునేలోపే అత్తయ్యగారు ఫోను లాక్కున్నారు.

"నీ పెళ్లాం ఇక్కడ దారి తప్పిందిరా. సందుల్లో పడి ఏడుస్తుంటే, నేనే చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకొచ్చా. నువ్వేం కంగారుపడకు, దాన్ని ఒంటరిగా వదల్లే."

రాజుగారు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. నేను కాదనలేదు. రోమ్ వచ్చేదాకా ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు.