మొగిలి ఘాటులో నేను విప్పిన తీగ

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. లారీలో ఎంత బరువు వేసినా చేరవలసిన ఊరు చేరాక దించేస్తాం. దీన్ని దించే ఊరు నాకు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చదువుతూ తిట్టుకుంటే తిట్టుకోండి. మధ్యలో మాత్రం లేచిపోకండి.

నేను డ్రైవర్ని. అప్పట్లో క్యాసంబళ్ళిలో ధాన్యం వ్యాపారం చేసే ఒక శెట్టిగారి లారీ తోలేవాణ్ని. ఆ లారీని పాడుచేశాను. దానిదేముంది, ఇనుము, మళ్లీ బాగైంది. దానితోపాటు ఒక మనిషిని పాడుచేశాను. ఆయన్ని దేవసహాయం అందాం. అసలు పేరు అది కాదు. ఆ పేరుకు నేను ఇప్పటిదాకా చేసింది చాలు.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత చాలా ఏళ్లు ఆయన గనిలో ఫిట్టరు. అక్కడ మనుషుల్ని తగ్గించడం మొదలుపెట్టాక బయటికొచ్చి, గనుల దగ్గరే కోరమండల్‌లో, గని కూలీల ఇళ్ల లైన్ల పక్కన రేకుల షెడ్డు వేసుకుని డీజిల్ ఇంజన్ల పని పట్టాడు. లారీ ఓనర్లకు మెకానిక్ అంటే ఎంత భయమో మీకు తెలుసా? పొగ నల్లగా వస్తోందంటే చాలు, ఇంజన్ మొత్తం దించాలంటారు. దేవసహాయం అన్న అలా కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్‌కు, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. ఒకసారి బైరకూరు నుంచి ఒకాయన నాలుగు షెడ్లలో చూపించుకుని, ఇంజన్ విప్పి బోరు చేయించి కొత్త పిస్టన్లు వేయించక తప్పదని ఏడుపుముఖంతో వచ్చాడు. అన్న ఐదు నిమిషాలు విని, గాలి ఫిల్టర్ విప్పి, అందులోని రాగుల పొట్టు దులిపి, పో అన్నాడు. "తెరిచినాక ఎవడైనా చెప్తాడప్పా, తెరవకముందు చెప్పల్ల" అనేవాడు.

గని నుంచి తెచ్చుకున్న అలవాటొకటి ఆయనకు ఉండేది. గనిలో ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి దిగింది ఎవరంటే మనిషి తరపున జవాబు చెప్పేది ఆ బిళ్ళే. బోరు చేసిన ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపాలి, కొత్త పిస్టన్లు ఒదిగేదాకా. అందుకని అన్న డీజిల్ పంపు మీదున్న స్పీడు స్క్రూను బిగించి, తీగతో కట్టి, ఆ తీగకు తన నంబరు బిళ్ళ వేలాడదీసేవాడు. ఎంత తొక్కినా బండి నలభై దాటదు. గడువు తీరాక తానే విప్పేవాడు. బిళ్ళ ఉన్నంతకాలం ఆ ఇంజన్‌కు ఏమైనా జవాబు ఆయనది.

శెట్టిగారి బండి ఇంజన్ బోరు చేసి దానికీ అలాగే కట్టాడు. నేను చిత్తూరు నుంచి సగం లోడు వేరుశనగతో తిరిగి వస్తూ మొగిలి ఘాటు కింద టీ అంగడి దగ్గర ఆగాను. అక్కడ తెలిసిన డ్రైవర్లు నన్ను చూసి ఒకటే నవ్వు. నన్ను ఎద్దులబండి దాటిపోయిందట. నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఇప్పుడూ. టీ గటగటా తాగి, వాళ్ల ముందే బానెట్ ఎత్తి, తీగ విప్పి, బిళ్ళ జేబులో వేసుకుని స్క్రూ వదులు చేశాను. ఆకలి కాదు. అవసరం కాదు. ఇంట్లో ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. నలుగురు నవ్వారని చేశాను.

ఘాటు ఎక్కుతూ ఇద్దరిని దాటాను, హారన్ కొట్టి మరీ. అబ్బ, ఎంత సంబరం! వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటడం చూశాను. చూసీ తొక్కాను. పైకి ఇంకొక్క మలుపు ఉందనగా ఇంజన్ కీచుమని అరిచి పట్టేసింది. మిట్టమధ్యాహ్నం. దిగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాను. ఆ తర్వాత నేను చేసిన పని ఏమిటో చెప్పనా? స్క్రూ బిగించి, తీగ చుట్టి, బిళ్ళ మళ్లీ కట్టాను. చేతులు కాలుతున్నా కట్టాను. బండి ఆగి ఐదు నిమిషాలైనా కాలేదు. ఆ ఆలోచన నాకెలా వచ్చింది? నా బుద్ధి అంత చురుగ్గా అంతకుముందు ఎప్పుడైనా పనిచేసిందా?

ఇంకో లారీకి కట్టి బండిని కోరమండల్ షెడ్డుకు లాక్కొచ్చారు. శెట్టిగారు కూడా వచ్చి నిలబడ్డారు. అన్న బానెట్ ఎత్తి బిళ్ళను చూశాడు. తీగను వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"దీన్ని ముట్టినావా అప్పా?"

"లేదన్నా. నేనేల ముడతాను?"

"ఘాటులో స్పీడు పోలేదా?"

"నా బిడ్డ మీద ఒట్టన్నా. నలభైలోనే వచ్చినాను."

"బిడ్డ మీద ఒట్టేల పెడతావు? నీ మాట చాలు."

అంతే. మళ్లీ అడగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్నని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అదీ అబద్ధమే. పదిసార్లు అడిగినా చెప్పేవాణ్ని కాదు, శెట్టిగారు పనిలోంచి తీసేస్తారన్న భయం ఒకటి, అంతకంటే ఎక్కువగా నలుగురిలో తలదించుకోవాలన్న భయం. ఆ తర్వాత నా కూతురికి జ్వరం వచ్చినప్పుడల్లా ఆ ఒట్టు గుర్తొచ్చి వణికిపోయాను. వణికాను గానీ నోరు విప్పలేదు.

మూడు రోజులు ఆయన ఆ ఇంజన్‌లో తన తప్పు వెతుక్కున్నాడు. నా మాట నమ్మాడు కాబట్టి తప్పు తన చేతిదే అయి ఉండాలి కదా. గీరుకుపోయిన పిస్టన్‌ను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. కొలిచిందే కొలిచాడు. నేను పక్కనే కూర్చుని బోల్టులు కడుగుతున్నాను, తేలు కుట్టిన దొంగలా. మూడో రోజుకు దొరికింది. లేని తప్పు దొరికింది! "పిస్టన్‌కు సందు చాలకుండా పెట్టినాను సామీ. తప్పు నాదే ఉండాది" అని శెట్టిగారితో చెప్పాడు. బండిని ఊరికే బాగుచేసి ఇచ్చాడు.

శెట్టిగారు ఆయన్ని ఏమీ అనలేదు. బజారు అంది. బజారుకు ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. టీ అంగళ్లలో ఎవరైనా అడిగితే, "అవునప్పా, ఆయప్పకు చెవి పోయింది, ఇంగ వయసైపోయింది కదా" అన్నాను. ఎవరూ అడగని చోట కూడా అన్నాను. ఒక అబద్ధం నిలబడాలంటే దానికి దినమూ నీళ్లు పోయాలి. ఏడాది తిరక్కముందే షెడ్డు ముందు లారీలు ఆగడం మానేశాయి. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు.

కొన్నేళ్లకు నేను సొంతంగా ఒక పాత లారీ కొన్నాను. ఇంజన్‌లో టకటకమని చప్పుడు. ముగ్గురు మెకానిక్‌లు మూడు జబ్బులు చెప్పారు. ఎవరిని నమ్మాలి? సిగ్గు లేకుండా బండిని ఆయన ఇంటి ముందు ఆపాను. ఆయన గడపలోకి వచ్చాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. వింటూ ఆయన తల ఒక పక్కకు వాలింది, పాత అలవాటు. "రెండోదాంట్లో..." అన్నాడు. అని ఆగిపోయాడు. "నాకు తెలీదప్పా. ఇంకెవరికైనా చూపించుకో. నా చెవిని నేనే నమ్మను" అని లోపలికి వెళ్లిపోయాడు. ఇంకొకరు ఇంజన్ మొత్తం విప్పారు. రెండో సిలిండర్ కింది బేరింగే పోయింది. ఆయన తెరవకముందే విన్నాడు, అదీ గడపలో నిలబడి. పరుగెత్తుకుంటూ వెళ్లి ఆ ఒక్క మాటైనా చెప్పి ఉండొచ్చు. నీ చెవి బాగుందన్నా అని. చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని వెళ్లలేదు. నేనెంత నీచుణ్నో నాకు పూర్తిగా తెలిసింది ఆ రోజే.

ఆయన చనిపోయి ఏడేళ్లయింది. సమాధి దగ్గర మట్టి వేయడానికి వెళ్లాను. అందరూ చర్చి వైపు కదిలాక ఆయన భార్య నా దగ్గరకు వచ్చింది.

"నీకోసరం ఆయన ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తా ఉండె అప్పా" అంది. "ఘాటులో బ్రేకు నిలవకుండా ఉంటే, నా తప్పుకు ఒక బిడ్డ తండ్రి పోయుండునే అని ఏడుస్తా ఉండె. నిన్ను క్షమాపణ అడగల్లని ఉండె గానీ నోరు రాలేదు. ఆయన బదులు నేను అడుగుతా ఉండాను. క్షమించినానని ఒక్క మాట చెప్పప్పా."

చెప్పాను. "క్షమించినానమ్మా" అన్నాను. ఆమె నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

ఆమె ఇంకా కోరమండల్‌లోనే ఉంది. వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కాఫీ ఇచ్చింది. తాగి వచ్చాను. మూడోసారి వెళతానో లేదో మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో చూశారు కదా.

ఆ ఇంజన్‌ను చెడగొట్టింది నేను. ఆయన కాదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, ఆ తేలిక కూడా నాకు దక్కవలసింది కాదేమో. నన్ను క్షమించమని మాత్రం మిమ్మల్ని అడగను. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు.