మందు పట్టని గడ్డ

కడుపునొప్పికని మహబూబాబాద్‌లో స్కానింగ్ తీయిస్తే మా బాపు ఎడమ కిడ్నీలో గడ్డ కనిపించింది. అది ఉత్త నీటి తిత్తో, క్యాన్సరో సీటీ తీస్తేగాని చెప్పలేమన్నారు. బాపు మాత్రం ఇంటికొచ్చేలోపే తేల్చేశాడు.

"మీ చిన్నమ్మే మందు పెట్టింది. దసరా నాడు కూరల కలిపింది."

మా నర్సింహులపేట వైపు మందు పెట్టడమంటే, గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి పెట్టడం. అది కడుపులో గడ్డ కడుతుందని నమ్మకం. చిన్నమ్మ మా బాబాయి భార్య, పక్కిల్లే. పొలం గట్టు దగ్గర బాపుతో ఒకసారి మాటామాటా అనుకుంది. ఆయనకు ఆ సాక్ష్యం చాలు.

నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. "గవన్నీ ఉత్త మాటలు" అని కసురుకున్నాను. ఆ వారమే చిన్నమ్మ టమాట తొక్కు పచ్చడి డబ్బా తెచ్చిస్తే మాత్రం మూత తీసి వాసన చూశాను. ఎందుకైనా మంచిదని మందార చెట్టు కింద పూడ్చేశాను.

సీటీ గదిలో టెక్నీషియన్, ముందు ఒకసారి తీసి, నరానికి మందు ఎక్కించి మళ్లీ తీస్తామన్నాడు. బాపు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏం మందు? ఎవలిచ్చిండ్రు? సీల్ చూపియ్యి."

సీసా చూపించాకే పడుకున్నాడు. నాకూ నమ్మకం కుదరక, బయట కూర్చుని దాని పేరు ఫోన్‌లో వెతికాను.

ఫిల్ములు చూసి డాక్టరు అన్నాడు: "గడ్డకు మందు పట్టలే."

బాపు మొహం పాలిపోయింది. "మందే పట్టకపోతే ఇంకేం బతుకుత సారూ?"

నేనూ భయంగా ఫిల్ముల మీదికి వంగాను. డాక్టరు నవ్వాడు.

"పట్టకపోవుడే మంచిది పెద్దాయనా. క్యాన్సర్ గడ్డయితే నెత్తురుతోని గా నరానికెక్కిచ్చిన మందు పట్టి తెల్లగ కనవడ్తది. నీ దాంట్ల రంగు మారనే లేదు. ఉత్త నీళ్లే."

"మరి ఎవలన్న పెట్టిన మందు?"

"నీళ్లే అంటున్న గద!"

ఊళ్లో బస్సు దిగేసరికి చిన్నమ్మ స్టేజీ దగ్గరే నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట.

"బావకు ఏమన్నరు బిడ్డా?"

"ఏం లేదంట. జర చాయ పెట్టు" అని బాపే జవాబిచ్చి, నేరుగా ఆమె ఇంటివైపు నడిచాడు. ఆయన అనుమానం అంత తేలిగ్గా తీరిపోయింది.

చిన్నమ్మ కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "తొక్కు అయిపోయిందా? ఇంకింత నూరియ్యాల్నా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అయిపోయింది చిన్నమ్మా, మస్తుండె" అన్నాను.